ఆటగాడు ఎటు పోతే బలం అటేనా? పోటీలో సమతూకంపై అవగాహన

2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియంలో ప్రో కబడ్డీ పదో సీజన్ ఫైనల్ జరిగింది. పుణేరి పల్టన్ 28–25తో హరియాణా స్టీలర్స్‌ను ఓడించి తొలిసారి కప్పు గెలిచింది. సొంతగడ్డ మీద ఫైనల్ జరుగుతుంటే తెలుగు టైటాన్స్ ఎక్కడుంది? పన్నెండు జట్లలో అట్టడుగున. ఆ సీజన్‌లో 22 మ్యాచులాడి 2 గెలిచింది. అంతకుముందు సీజన్‌లోనూ 2 గెలుపులే, దాని ముందు సీజన్‌లో 1. వరసగా మూడు సీజన్లు ఆఖరి స్థానం. మొత్తం 66 మ్యాచుల్లో 5 గెలుపులు.

ఆటగాళ్లను కొనడానికి టైటాన్స్ దగ్గర డబ్బు లేదా అంటే, ఉంది. ఆ సీజన్‌లో ప్రతి జట్టుకూ వేలంలో ఖర్చు పరిమితి ఒక్కటే: రూ.5 కోట్లు. పైగా లీగ్‌లో అత్యంత ఖరీదైన ఆటగాడు పవన్ సెహ్రావత్ టైటాన్స్‌లోనే ఉన్నాడు. డబ్బు సమానంగా ఉన్నప్పుడు బలం ఎందుకు సమానం కాలేదన్నదే ఈ పాఠం.

ఇదే ప్రశ్న మీద అమెరికాలో కాలేజీ స్థాయి అమెరికన్ ఫుట్‌బాల్ చుట్టూ కొన్నేళ్లుగా కోర్టులు, చట్టసభలు, యూనివర్సిటీలు తర్జనభర్జన పడుతున్నాయి. విద్యార్థి ఆటగాళ్లకు డబ్బు ఇవ్వవచ్చా, వాళ్లు ఏటా కాలేజీ మారవచ్చా, మారితే చిన్న కాలేజీల గతేమిటి? గ్రూప్–1 మెయిన్స్ వ్యాసంలోనో ఇంటర్వ్యూలోనో క్రీడా విధానం మీద ప్రశ్న పడితే చాలామంది ఒలింపిక్ పతకాల లెక్క చెప్పి ఊరుకుంటారు. ఈ అంశం పట్టుకుంటే ఆర్థికశాస్త్రం, పోటీ చట్టం, సమాఖ్య వ్యవస్థ మూడూ ఒకే జవాబులోకి వస్తాయి.

సమతూకం అంటే ఏమిటి?

ఏ మ్యాచ్‌లోనైనా ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతే జనం టికెట్ కొనరు. క్రీడా ఆర్థికశాస్త్రానికి పునాది ఈ మాటే. 1956లో సైమన్ రాటెన్‌బర్గ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త బేస్‌బాల్ ఆటగాళ్ల కార్మిక మార్కెట్‌పై రాసిన వ్యాసంలో దీన్ని ‘ఫలితంలో అనిశ్చితి’గా చెప్పాడు. 1964లో వాల్టర్ నీల్ అనే మరో ఆర్థికవేత్త ఇంకో మెలిక పెట్టాడు. మామూలు వ్యాపారంలో ప్రత్యర్థి మూతపడితే మనకు లాభం. ఆటలో అలా కాదు. బాక్సర్ జో లూయిస్‌కు మాక్స్ ష్మెలింగ్ లాంటి గట్టి ప్రత్యర్థి ఉంటేనే సంపాదన. దీన్ని లూయిస్–ష్మెలింగ్ వైరుధ్యం అంటారు. ప్రిలిమ్స్‌లో జతపరచండి అని అడగడానికి పనికొచ్చే పేర్లు ఇవి.

రాటెన్‌బర్గ్ చెప్పిన రెండో మాట ఇంకా పదునైనది, మనవాళ్లు పెద్దగా పట్టించుకోనిది కూడా. అప్పట్లో బేస్‌బాల్ జట్లు ఆటగాణ్ని వేరే జట్టుకు పోనివ్వకుండా కట్టేసే నిబంధన పెట్టుకున్నాయి. స్వేచ్ఛ ఇస్తే మంచి ఆటగాళ్లంతా పెద్ద నగరాల జట్లకు పోతారని యజమానుల వాదన. రాటెన్‌బర్గ్ ఏమన్నాడంటే, కట్టేసినా విప్పేసినా ఆటగాడు చివరికి తన విలువ ఎక్కువగా ఉన్న చోటికే చేరతాడు. కట్టేసి ఉంటే పాత యజమాని అతణ్ని అమ్మి డబ్బు తీసుకుంటాడు, విప్పేస్తే ఆ డబ్బు ఆటగాడి జేబులోకి పోతుంది. అంటే నిబంధన మార్చేది ఆటగాడి గమ్యాన్ని కాదు, డబ్బు దారిని. దీన్ని ‘మార్పులేమి సూత్రం’ అంటారు. నిజజీవితంలో ఇది అచ్చంగా ఇలాగే పనిచేస్తుందని ఎవరూ అనరు. కానీ బదిలీల మీద ఏ వాదన విన్నా ముందు ‘డబ్బు ఎవరికి పోతోంది?’ అని అడగడం నేర్పుతుంది.

సమతూకాన్ని కొలవడానికి రెండు పద్ధతులు తెలిస్తే చాలు.

మొదటిది ఒక సీజన్ లోపలి కొలత, నోల్–స్కల్లీ నిష్పత్తి. ప్రతి మ్యాచ్‌లోనూ రెండు జట్లకూ సగం సగం అవకాశం ఉంటే 22 మ్యాచుల్లో సగటున 11 గెలుపులు రావాలి. ప్రామాణిక విచలనం 22 వర్గమూలంలో సగం, అంటే సుమారు 2.35 గెలుపులు. నిజంగా వచ్చిన విచలనం దీనికి ఎన్ని రెట్లుందో చూస్తే లీగ్ ఎంత ఒంటివైపు వాలిందో తెలుస్తుంది. టైటాన్స్ 2 గెలుపులు సగటు కంటే 9 తక్కువ, అంటే దాదాపు 3.8 విచలనాలు కిందికి. అదృష్టం బాగోలేదని సరిపెట్టుకునే అంకె కాదిది.

రెండోది సీజన్ల మధ్య కొలత: కప్పులు ఎంతమంది పంచుకున్నారు? మార్కెట్ వాటాలకు వాడే హెర్ఫిండాల్ సూచీనే ఇక్కడా వాడతారు. ప్రో కబడ్డీలో 2014 నుంచి 2025 దాకా 12 సీజన్లు. పట్నా పైరేట్స్ 3, జైపూర్ పింక్ పాంథర్స్ 2, దబంగ్ ఢిల్లీ 2, మిగతా ఐదు జట్లకు ఒక్కొక్కటి. వాటాల వర్గాలు కూడితే 0.15. ఐపీఎల్‌లో 2025 దాకా 18 సీజన్లు. ముంబై, చెన్నై చెరి ఐదు, కోల్‌కతా 3, మరో ఐదు జట్లకు ఒక్కొక్కటి. సూచీ 0.20. జర్మనీ ఫుట్‌బాల్ లీగ్‌లో బాయర్న్ మ్యూనిక్ 2013 నుంచి 2023 దాకా వరసగా 11 సార్లు గెలిచింది. ఆ పదకొండేళ్ల సూచీ 1, అంటే పూర్తి గుత్తాధిపత్యం.

ఒక జాగ్రత్త. కప్పులు చాలామందికి పంచినట్టు కనిపించినా, ఒక జట్టు మూడేళ్లు అడుగునే ఉండిపోవచ్చు. సూచీ గెలిచినవాళ్లను మాత్రమే లెక్కపెడుతుంది. హైదరాబాద్‌లోనే దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా ఉంది. డెక్కన్ ఛార్జర్స్ 2008లో ఐపీఎల్ పట్టికలో ఆఖరిది, 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఛాంపియన్. సమతూకం ఉన్న లీగ్‌లోనే అలాంటివి జరుగుతాయి.

అమెరికాలో ఏం జరిగింది?

అక్కడ కాలేజీ ఆటలను 1906లో పుట్టిన ఎన్‌సీఏఏ నడుపుతుంది. కాలేజీ ఫుట్‌బాల్ టీవీ హక్కులు, స్టేడియం టికెట్ల ఆదాయం ప్రొఫెషనల్ లీగులతో పోటీపడుతుంది. అయినా ఆడే కుర్రాడికి దశాబ్దాల పాటు స్కాలర్‌షిప్ తప్ప ఏమీ లేదు. కోచ్‌కు కోట్లు, ఆటగాడికి ఫీజు మాఫీ.

మార్పు వరస ఇది. 2018 అక్టోబర్‌లో ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ వచ్చింది. కాలేజీ మారాలనుకున్న ఆటగాడు అందులో పేరు నమోదు చేసుకుంటే మిగతా కాలేజీలు నేరుగా సంప్రదించవచ్చు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9–0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చదువుకు సంబంధించిన ప్రయోజనాలకు పరిమితి పెట్టడం 1890 నాటి షెర్మన్ చట్టానికి విరుద్ధమంది. ఆ వెంటనే 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో, గుర్తింపుతో ప్రకటనల్లో సంపాదించుకోవచ్చని అనుమతి వచ్చింది. దీన్నే ఎన్ఐఎల్ అంటారు. అదే ఏడాది, ఒకసారి కాలేజీ మారితే మునుపటిలా ఏడాది ఆడకుండా కూర్చోనక్కర్లేదన్నారు. 2024 ఏప్రిల్ నుంచి ఎన్నిసార్లు మారినా, చదువు నిబంధనలు పాటిస్తే, వెంటనే ఆడవచ్చు.

ఎన్ఐఎల్ పేరుకు ప్రకటనల ఆదాయం. ఆచరణలో ధనవంతులైన పూర్వ విద్యార్థులు, అభిమానులు నిధులు పోగేసి ఆటగాళ్లకు పంచే ‘కలెక్టివ్‌’లు పుట్టుకొచ్చాయి. చివరికి 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్, ఎన్‌సీఏఏపై ఆటగాళ్లు వేసిన ‘హౌస్’ కేసు రాజీకి ఆమోదం తెలిపారు. దాని ప్రకారం పాత ఆటగాళ్లకు సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం. 2025–26 నుంచి రాజీలో చేరిన ప్రతి యూనివర్సిటీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు, తొలి ఏడాది హద్దు 2.05 కోట్ల డాలర్లు. అప్పటి మారకం ధరలో సుమారు రూ.175 కోట్లు. చాలాచోట్ల అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతోంది. విద్యలో లింగ వివక్షను నిషేధించిన 1972 నాటి ‘టైటిల్ నైన్’కు ఇది సరిపోతుందా అన్న గొడవ వేరే నడుస్తోంది.

ఇక సమతూకం సంగతి. డబ్బు, స్వేచ్ఛ రెండూ వస్తే పెద్ద కాలేజీలే అంతా దోచుకుంటాయని భయపడ్డారు. 2026 జనవరి 19న జరిగిన జాతీయ ఫైనల్లో మయామిని 27–21తో ఓడించి ఛాంపియన్ అయినది ఇండియానా, ఓటముల చరిత్రకు పేరుబడ్డ జట్టు. దాని క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి బదిలీ మీద వచ్చినవాడే. ఆ సీజన్ ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ కూడా అతనిదే. ఇది చూసి బదిలీలు సమతూకం తెచ్చాయని రాసేస్తే జవాబు సగమే. ఇండియానా బిగ్ టెన్ అనే సంపన్న కూటమిలో సభ్యురాలు, టీవీ డబ్బుకు లోటు లేదు. ఉన్నవాళ్లలో వెనకబడినవాడు ముందుకొచ్చాడు. ఆ కూటముల బయట ఉన్న చిన్న కాలేజీల పని వేరు. ఒక కుర్రాణ్ని రెండేళ్లు తీర్చిదిద్దితే మూడో ఏడు పోర్టల్‌లో పేరు రాసి వెళ్లిపోతాడు, తయారుచేసిన కాలేజీకి పైసా రాదు. పై మెట్టు మీద సమతూకం పెరిగింది, పై మెట్టుకూ కింది మెట్టుకూ మధ్య దూరం కూడా పెరిగింది. రెండూ ఒకేసారి నిజం.

కబడ్డీ వేలం: సమాన డబ్బు, అసమాన బలం

మన దగ్గర ఈ ప్రయోగం కళ్లముందే జరిగింది, లెక్కలు బహిరంగం. 2014లో తొలి వేలంలో అత్యధిక ధర రాకేశ్ కుమార్‌కు పట్నా ఇచ్చిన రూ.12.80 లక్షలు. 2018లో మోనూ గోయత్ రూ.1.51 కోట్లు. 2023 అక్టోబర్‌లో పవన్ సెహ్రావత్‌కు టైటాన్స్ రూ.2.605 కోట్లు పెట్టింది. కబడ్డీ చరిత్రలో అప్పటికి అదే రికార్డు.

వేలం నిర్మాణం తెలిస్తేనే విశ్లేషణ కుదురుతుంది. ఆటగాళ్లు నాలుగు కేటగిరీలు. పదో సీజన్ నుంచి కనీస ధర ఏకు రూ.30 లక్షలు, బీకి 20, సీకి 13, డీకి 9. పాత జట్టు కొందరిని వేలానికి ముందే అట్టిపెట్టుకోవచ్చు. వాళ్లలో సీనియర్లు, తక్కువ ధరకు ఒప్పందంలో ఉన్న యువ ఆటగాళ్లు వేర్వేరు తరగతులు. వేలానికి వదిలిన ఆటగాడి ధర బయటివాళ్లు పెంచేశాక, ఆ చివరి ధర తనే ఇస్తానని పాత జట్టు కార్డు చూపించి తిరిగి తీసుకోవచ్చు. దీని పేరు ఫైనల్ బిడ్ మ్యాచ్. ఐపీఎల్‌లో రైట్ టు మ్యాచ్ కార్డు కూడా ఇలాంటిదే.

ఇప్పుడు లెక్క చూడండి. రూ.5 కోట్లలో 2.605 కోట్లు ఒక్కడికే, అంటే 52 శాతం. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. మిగిలిన రూ.2.395 కోట్లు 17 మందికి పంచితే తలకు సగటున రూ.14 లక్షలు. సీ కేటగిరీ కనీస ధర కంటే కాస్త ఎక్కువ, అంతే. కబడ్డీలో ఏడుగురు ఆడాలి. రైడర్ ఔటై బయట కూర్చున్నాక కోర్టులో మిగిలేది ఈ పద్నాలుగు లక్షలవాళ్లే. వాళ్లు రైడ్‌లోనో ట్యాకిల్‌లోనో ప్రత్యర్థిని ఔట్ చేస్తేనే ఆ స్టార్ రైడర్ తిరిగి లోపలికి వస్తాడు. కోట్లు పోసి కొన్న మనిషి బెంచీ మీద నుంచి చూస్తూ ఉండగా ఆలౌట్ అయ్యే జట్టును ఆ సీజన్‌లో మనం చూశాం.

అయితే తప్పంతా పెద్ద ధరదే అని తేల్చేయకండి, ఎగ్జామినర్ ఇక్కడే పట్టుకుంటాడు. అదే వేలంలో పుణేరి పల్టన్ ఇరాన్ ఆల్‌రౌండర్ మొహమ్మద్రెజా షాద్‌లూయీకి రూ.2.35 కోట్లు పెట్టింది. అది 47 శాతం. పెద్ద తేడా ఏం లేదు. ఆ జట్టు కప్పు కొట్టింది, మన జట్టు అడుగున పడింది. కారణం మిగతా సగంలో ఉంది. పుణె దగ్గర అస్లం ఇనామ్‌దార్, మోహిత్ గోయత్, ఆకాశ్ షిండే లాంటి కుర్రాళ్లు ముందు నుంచీ ఉన్నారు. ‘యువ పల్టన్’ పేరుతో జూనియర్లను పెంచే ఏర్పాటు ఉంది. ఇంట్లో పెంచుకున్న కుర్రాడి విలువ ఎక్కువ, ఖర్చు తక్కువ. ఖర్చు పరిమితి ఉన్న లీగ్‌లో అసలు మిగులు అక్కడే పుడుతుంది. టైటాన్స్ మిగతా సగాన్ని కూడా బజారులోనే కొనాల్సి వచ్చింది.

తర్వాత కథ ఈ మాటను బలపరుస్తుంది. 2024లో పవన్‌ను టైటాన్స్ ఫైనల్ బిడ్ మ్యాచ్ కార్డుతో రూ.1.725 కోట్లకు తిరిగి తెచ్చుకుంది, ఏడో స్థానంలో ఆగింది. 2025లో వదిలేసింది. తమిళ్ తలైవాస్ అతణ్ని రూ.59.5 లక్షలకు తీసుకుంది. రెండేళ్లలో ధర నాలుగో వంతు కన్నా తక్కువకు పడిందంటే వేలం ఎంత నిర్దయగా ఉంటుందో చూడండి. టైటాన్స్ విజయ్ మలిక్, భరత్ హుడా లాంటివాళ్లతో భారాన్ని పంచి ఆడింది. విశాఖలో మొదలైన ఆ సీజన్‌లో రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణె చేతిలోనే ఓడింది.

ఖర్చు పరిమితి సమాన అవకాశం ఇస్తుంది, సమాన ఫలితం ఇవ్వదు. అమెరికా యూనివర్సిటీల మీద పెట్టిన 2.05 కోట్ల డాలర్ల హద్దుకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకో సంగతి మనసుకు కష్టంగా ఉన్నా చెప్పుకోవాలి. పేరు తెలుగు టైటాన్సే కానీ ఆ జట్టులో తెలుగు కుర్రాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వేలంలో ఊరి పేరుకు రాయితీ లేదు. ఆటగాళ్లు ఎక్కువగా హరియాణా, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, తమిళనాడు నుంచి వస్తున్నారు.

బదిలీ అంటే చెడ్డదేనా? విదర్భ జవాబు

రంజీ ట్రోఫీలో ఒక రాష్ట్ర సంఘం ఆటగాడు ఇంకో సంఘానికి ఆడాలంటే నిరభ్యంతర పత్రం తీసుకుని పోవాలి. ప్రతి జట్టూ పరిమిత సంఖ్యలో బయటి ఆటగాళ్లను తీసుకోవచ్చు. అంబటి రాయుడు హైదరాబాద్, ఆంధ్ర, బరోడా, విదర్భ నాలుగింటికీ ఆడాడు. హనుమ విహారి హైదరాబాద్, ఆంధ్రల మధ్య తిరిగి 2025లో త్రిపురకు వెళ్లాడు.

ముంబై 42 సార్లు గెలిచిన ట్రోఫీ ఇది. విదర్భ దశాబ్దాల పాటు ఒక్కసారీ గెలవలేదు. ముంబై నుంచి వచ్చిన వసీం జాఫర్, కర్ణాటక నుంచి వచ్చిన గణేశ్ సతీశ్ తోడై 2017–18లో, మళ్లీ 2018–19లో గెలిచింది. 2024–25లో మూడోసారి, అప్పుడు కర్ణాటక నుంచి వచ్చిన కరుణ్ నాయర్ ఉన్నాడు. పెద్ద సంఘాల్లో చోటు దొరకని మంచి ఆటగాడు చిన్న సంఘానికి వెళ్తే సమతూకం పెరుగుతుంది. నాగ్‌పూర్‌లో అకాడమీ పెట్టి స్థానిక కుర్రాళ్లను పెంచకుండా జాఫర్ ఒక్కడినే తెచ్చుంటే ఇది జరిగేది కాదని నా అభిప్రాయం.

తిరగబడ్డ ఉదాహరణ మహిళల క్రికెట్‌లో ఉంది. దేశవాళీ వన్డే టైటిళ్లు అత్యధికంగా రైల్వేస్‌వే. కారణం ఉద్యోగం. హైదరాబాద్ మిథాలీ రాజ్ రైల్వేస్‌కు ఆడారు, ఆంధ్ర అమ్మాయి సబ్బినేని మేఘన కూడా అటే వెళ్లారు. రాష్ట్ర సంఘం ఇవ్వలేని నెల జీతం, పింఛను భరోసా రైల్వే ఇచ్చింది. వాళ్లను తప్పుపట్టేవాడెవడూ ఆడపిల్లను ఆటలోకి పంపిన తండ్రితో మాట్లాడి ఉండడు. కానీ ఫలితంగా మిగతా జట్లు రెండో స్థానం కోసం ఆడాయి. జీతం అని పేరు పెట్టకపోయినా చెల్లింపు చెల్లింపే.

తిరుపతి నుంచి చూస్తే: సర్టిఫికెట్టే జీతం

తెల్లవారుజామున ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో నిలబడితే మన వ్యవస్థ మొత్తం కనిపిస్తుంది. ఒకవైపు కానిస్టేబుల్ ఈవెంట్ల కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు, స్టాప్‌వాచ్ పట్టుకున్న స్నేహితుడు, లాంగ్‌జంప్ పిట్ దగ్గర వరస. ఇంకోవైపు కబడ్డీ కుర్రాళ్లు మోకాళ్లకు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటూ. చాలాసార్లు అటూ ఇటూ ఉండేది ఒకే మనిషి. సంక్రాంతికి పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల్లో ఆడే పోటీల్లో కాస్త నగదు, ఒక కప్పు, పెద్దల చేతుల మీదుగా శాలువా దక్కుతాయి. కానీ అతని కన్ను దాని మీద లేదు. “నువ్వు యూనివర్సిటీ ఆడినావా?” అన్న ప్రశ్నకు అవునని చెప్పగలగాలి. అదే అతని కల.

ఎందుకంటే స్పోర్ట్స్ కోటా నియామకాల్లో కేంద్రం వాడే నమూనాల్లో ఫారం–1 అంతర్జాతీయ పోటీలకు, ఫారం–2 జాతీయ పోటీలకు, ఫారం–3 అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు, ఫారం–4 జాతీయ పాఠశాల క్రీడలకు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలను భారత విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) జోన్ల వారీగా నిర్వహిస్తుంది. ఎస్వీయూది సౌత్ జోన్. ఫారం–3 మీద యూనివర్సిటీ క్రీడా విభాగం అధికారి సంతకం పడితే అది రైల్వే, పోస్టల్, ఆదాయపు పన్ను నోటిఫికేషన్లకు తాళంచెవి. ఆంధ్రప్రదేశ్ 2024–29 క్రీడా విధానం ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది, ఒలింపిక్ స్వర్ణానికి రూ.7 కోట్లు ప్రకటించింది.

మన యూనివర్సిటీ ఆటలో కూడా బలం డబ్బున్న వైపు కదులుతోంది, చప్పుడు లేకుండా. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ 2020లో ఒడిశాలో మొదలయ్యాయి. తొలి ఛాంపియన్ ప్రభుత్వ రంగంలోని పంజాబ్ యూనివర్సిటీ. 2022లో కర్ణాటకలో ప్రైవేటు జైన్ యూనివర్సిటీ గెలిచింది. 2023లో మళ్లీ పంజాబ్. 2024లోనూ 2025లోనూ ప్రైవేటు రంగంలోని చండీగఢ్ యూనివర్సిటీ. ఉత్తమ క్రీడా విశ్వవిద్యాలయానికి ఇచ్చే మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ 2023కు అమృత్‌సర్ గురునానక్ దేవ్ యూనివర్సిటీది, 2024కు చండీగఢ్ యూనివర్సిటీది, రెండుసార్లూ రెండో స్థానం ప్రైవేటు లవ్లీ ప్రొఫెషనల్ యూనివర్సిటీ (ఎల్పీయూ)ది. ఈ ప్రైవేటు సంస్థలు పతకాలు తెచ్చే విద్యార్థులకు ఫీజు రాయితీలు బహిరంగంగానే ప్రకటిస్తాయి. అది నేరమేం కాదు, పేద క్రీడాకారుడికి మేలే. అయితే ఎన్‌సీఏఏకు ఇప్పుడున్నట్టు ఇంతకు మించి ఖర్చుపెట్టరాదన్న హద్దు ఇక్కడ లేదు. మెస్ బకాయిలతో సతమతమయ్యే రాష్ట్ర యూనివర్సిటీ ఆ పోటీలో దిగలేదు.

తయారుచేసినవాడి వాటా

ప్రపంచ ఫుట్‌బాల్ ఇక్కడ మనకంటే ఒక అడుగు ముందుంది. 1995 డిసెంబర్‌లో యూరోపియన్ న్యాయస్థానం బాస్మన్ కేసులో, ఒప్పందం ముగిసిన ఆటగాడి మీద పాత క్లబ్ బదిలీ రుసుము అడగరాదని తీర్పిచ్చింది. ఆటగాళ్లకు స్వేచ్ఛ వచ్చింది, చిన్న క్లబ్బుల గుండెల్లో రాయి పడింది. ఆ తర్వాత ఫిఫా రెండు ఏర్పాట్లు బలపరిచింది. ఒకటి శిక్షణ పరిహారం. రెండోది సంఘీభావ చెల్లింపు: ఒప్పందం నడుస్తుండగా ఆటగాణ్ని అమ్మితే బదిలీ రుసుములో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నీ పంచుకుంటాయి. బ్రెజిల్‌లో ఏదో మట్టి మైదానం క్లబ్బుకు పదేళ్ల తర్వాత చెక్కు వస్తుంది.

మన సీమలో దీనికి పక్కన పెట్టి చూడాల్సిన పేరు నల్లపురెడ్డి శ్రీచరణి. కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి. 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఎడమచేతి స్పిన్నర్. మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఢిల్లీ క్యాపిటల్స్ మొదట రూ.55 లక్షలకు తీసుకుంది, తర్వాత వేలంలో రూ.1.3 కోట్లకు తిరిగి కొనుక్కుంది. రాష్ట్ర ప్రభుత్వం రూ.2.5 కోట్లు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్–1 ఉద్యోగం ప్రకటించింది. అన్నీ ఆమె కష్టార్జితం. కానీ వేలం ధర 55 లక్షల నుంచి 130 లక్షలైనప్పుడు, చిన్నప్పుడు బంతి పట్టించిన స్కూల్ గ్రౌండ్‌కు ఏ నిబంధన కిందా రూపాయి రాదు. ఐపీఎల్‌లో విదేశీ ఆటగాడి ధరను బట్టి అతని దేశ బోర్డుకు కొంత మొత్తం చెల్లిస్తారు. అంటే ఆ ఆలోచన మనకు కొత్త కాదు, జిల్లా పరిషత్ హైస్కూలు దాకా దిగిరాలేదంతే.

రాటెన్‌బర్గ్ మాట ఇక్కడ అతుకుతుంది. చిత్తూరు కుర్రాణ్ని రైల్వేకో ప్రైవేటు యూనివర్సిటీకో పోవద్దని ఆపలేం, ఆపకూడదు కూడా. వెళ్లినప్పుడు ఇక్కడికి ఏం తిరిగొస్తుందన్నది మాత్రం నిబంధనతో మార్చగలం.

చట్టం, రాజ్యాంగం: చకచకా

క్రీడలు ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితా 33వ అంశం. అయినా కేంద్రం జాతీయ క్రీడా పాలన చట్టం–2025 చేసింది. ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆ చట్టంలో జాతీయ క్రీడా బోర్డు, జాతీయ క్రీడా ట్రిబ్యునల్ ముఖ్యం. ఖేలో భారత్ నీతి–2025 పాత 2001 విధానం స్థానంలో వచ్చింది. పోటీ చట్టం–2002లోని 4వ సెక్షన్ కింద, ఆధిపత్య దుర్వినియోగానికిగాను బీసీసీఐకి పోటీ కమిషన్ 2013లో రూ.52.24 కోట్ల జరిమానా విధించింది. అది ఐపీఎల్‌కు పోటీ లీగుల్ని రానివ్వనన్న హామీకి సంబంధించినది, ఆటగాళ్ల జీతాలది కాదు. ఆల్‌స్టన్ కేసుతో పోల్చేటప్పుడు ఈ తేడా మరవకండి.

పరీక్షలో ఎలా రావచ్చు?

ప్రిలిమ్స్‌లో వాక్యాల ప్రశ్న ఇలా ఉండొచ్చు. ‘1. హౌస్ రాజీ ప్రకారం అమెరికా యూనివర్సిటీలు ఆటగాళ్లకు అపరిమితంగా చెల్లించవచ్చు. 2. ఫిఫా సంఘీభావ చెల్లింపు బదిలీ రుసుములో 5 శాతం. 3. క్రీడలు ఉమ్మడి జాబితా అంశం.’ సరైనది రెండోది ఒక్కటే. మొదటిదాంట్లో ‘అపరిమితంగా’ అన్న మాటే ఉచ్చు. హద్దు పెట్టడమే ఆ రాజీలో సగం.

మెయిన్స్‌లో ‘క్రీడా లీగుల్లో ఖర్చు పరిమితి సమతూకానికి సరిపోతుందా? చర్చించండి’ అని వస్తే, టైటాన్స్–పుణె జంటతో మొదలుపెట్టండి. ఒకే సీజన్, ఒకే పరిమితి, దాదాపు ఒకే శాతం, రెండు కొసల ఫలితాలు. విదర్భ, రైల్వేస్ ఉదాహరణలతో బదిలీకి రెండు వైపులూ చూపించండి. ఇండియానాను ఒక్క వాక్యంలో పెట్టి, దాని కూటమి సంపదను రెండో వాక్యంలో పెట్టండి.

ఇంటర్వ్యూలో ‘మీరు చిత్తూరు జిల్లా క్రీడాధికారి అయితే?’ అని బోర్డు అడిగితే స్టేడియం కట్టిస్తానని చెప్పకండి, అందరూ అదే చెబుతారు. మండల స్థాయిలో రాష్ట్ర జట్టుకు ఎంపికైన ప్రతి పిల్లవాడి పేరు పక్కన అతనికి నేర్పిన పీఈటీ, బడి, క్లబ్ పేర్లతో ఒక రిజిస్టర్ నడిపిస్తానని చెప్పండి. ఆ పిల్లవాడికి తర్వాత ఎప్పుడు ప్రభుత్వ నగదు ప్రోత్సాహకం వచ్చినా, దానికి అదనంగా అందులో 5 శాతానికి సమానమైన మొత్తం ఆ బడి గ్రౌండ్‌కు ఇవ్వాలని ప్రతిపాదిస్తానని చెప్పండి. ‘దానికి నిధులెక్కడివి?’ అని రెండో ప్రశ్న తప్పకుండా వస్తుంది. రూ.7 కోట్ల ఒలింపిక్ బహుమతికి 5 శాతం రూ.35 లక్షలు. ఆ అంకె నోటికి ఉండాలి.